అల్యూమినియం ఫాయిల్, కోలా, వెనిగర్: పిన్‌బాల్ యంత్రాల క్రోమ్‌పై ప్రచారంలో ఉన్న చిట్కాకు ఖండన

పాత పిన్‌బాల్ యంత్రాలను, అంటే అద్దం కింద ఉక్కు బంతిని దొర్లించి ఆడే ఆట యంత్రాలను, బాగుచేసుకునేవారి మధ్య ఒక చిట్కా చాలాకాలంగా ప్రచారంలో ఉంది. దాని సారాంశం ఇది. తుప్పు పట్టిన క్రోమ్ భాగాన్ని కోలాలోనో నీటిలోనో ముంచిన అల్యూమినియం ఫాయిల్ ఉండతో రుద్దితే రసాయన చర్య జరిగి తుప్పు పోతుంది. ఫాయిల్ క్రోమ్ కంటే మెత్తన గనుక గీతలు పడే ప్రసక్తే లేదు. తుప్పు మొండిదైతే ఊడదీసిన భాగాలన్నిటినీ రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాలి, బుడగలు వస్తున్నాయంటే పని జరుగుతున్నట్టే. అప్పటికీ మిగిలినదాన్ని స్టీల్ ఊల్‌తో, అంటే సన్నని ఉక్కు పోగుల ఉండతో, తీసేసి, చివర డబ్ల్యూడీ-40 అనే స్ప్రే చల్లితే మళ్లీ తుప్పు రాదు, క్రోమ్ కొత్తదానిలా అవుతుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు, ఆ కొంత నిజమే దీన్ని ఇన్నాళ్లు నిలబెట్టింది. అయితే మిగతా భాగం వల్ల బాగుచేయదగిన భాగాలు కూడా పాడైపోతున్నాయి కనుక, ఒక్కొక్క మాటనూ విడిగా పరిశీలించడం అవసరం.

ముందుగా ఈ చిట్కా అంతటికీ ఆధారమైన ఊహను చూడాలి. క్రోమ్ అనేది ఒక మందపాటి లోహమనీ, తుప్పు దాని పైన కూర్చుంటుందనీ, గట్టిగా రుద్దితే కింద చెక్కుచెదరని క్రోమ్ బయటపడుతుందనీ ఆ ఊహ. వాస్తవం ఇందుకు పూర్తిగా విరుద్ధం. అలంకారం కోసం వేసే క్రోమ్ పొర సాధారణంగా అర మైక్రాన్‌కు అటూఇటూగా, చాలాసార్లు అంతకంటే పలుచగా ఉంటుంది. అంటే మిల్లీమీటరులో రెండువేలవ వంతు. దాని కింద ఉండే నికెల్ పొర దానికి ఎన్నో రెట్లు మందం, 5 నుంచి 30 మైక్రాన్ల వరకు ఉంటుంది. మనం చూసే మెరుపులో ఎక్కువ భాగం ఆ నికెల్‌దే, తుప్పును ఆపే పని కూడా ప్రధానంగా దానిదే. క్రోమ్ పైన పలుచగా ఉండి ఆ నికెల్ మసకబారకుండా, గీతలు పడకుండా కాపాడుతుంది. ఇక క్రోమియం ఎర్రగా తుప్పు పట్టదు, నికెల్ కూడా పట్టదు. యంత్రం కాళ్ల మీద కనిపించే ఎర్రటి చుక్కలు పూతలోని సూక్ష్మ రంధ్రాల గుండా తేమ దిగి, అడుగున ఉన్న ఉక్కు తుప్పు పట్టి, ఆ తుప్పు పైకి పొంగడం వల్ల ఏర్పడినవి. పైగా నికెల్, క్రోమ్ రెండూ తడిలో ఉక్కు కంటే నిబ్బరంగా ఉంటాయి. చుట్టూ విశాలమైన పూత, మధ్యలో సూదిమొనంత ఉక్కు ఉన్నప్పుడు నష్టమంతా ఆ సూదిమొన దగ్గరే కేంద్రీకృతమై గుంట లోతుగా దిగుతుంది. కాబట్టి తుప్పు చుక్క కనిపించిన ప్రతిచోటా పూతకు అప్పటికే చిల్లు పడినట్టే, ఏ రుద్దుడూ ఆ చిల్లును పూడ్చలేదు.

ఇప్పుడు ఫాయిల్ సంగతి. అల్యూమినియం తుప్పులోని ఆక్సిజన్‌ను లాగేసుకుని దాన్ని తిరిగి ఇనుముగా మారుస్తుందని చిట్కా చెబుతుంది. అల్యూమినియం, ఐరన్ ఆక్సైడ్‌ల మధ్య అటువంటి చర్య ఉన్నమాట నిజమే, రైలు పట్టాలను అతికే థర్మిట్ వెల్డింగ్‌లో జరిగేది అదే. కానీ అది మొదలుకావాలంటే విపరీతమైన వేడి అందించాలి. గది ఉష్ణోగ్రత వద్ద, తడి ఉండతో రెండు నిమిషాలు రుద్దేవారి చేతిలో అది జరగదు. అక్కడ జరిగేది గీకుడు. ముడతలు పడిన ఫాయిల్ అంచులు తుప్పును గీకి లేపుతాయి, నీరు ఆ పొడిని మోసుకుపోతుంది. ఇత్తడి ఊల్‌కు కాస్త నూనె పట్టించి రుద్దినా అదే ఫలితం వస్తుంది, ఇత్తడి విషయంలో ఆక్సిజన్‌ను లాగేసుకోవడం అన్న కథ ఎవరూ చెప్పరు. రుద్దేటప్పుడు వచ్చే బూడిదరంగు ముద్దను రసాయన చర్యకు సాక్ష్యంగా చూపిస్తుంటారు. అది తుప్పు పొడి, పాత మురికి, ఫాయిల్ నుంచి అరిగి రాలిన అల్యూమినియం కలిసిన ముద్ద, అంతకుమించి ఏమీ కాదు.

ఫాయిల్ గీతలు పెట్టదన్న మాట సగం నిజం. అల్యూమినియం కాఠిన్యం మోస్ కొలమానంలో 3 లోపే, క్రోమియంది 8.5. పూత చెక్కుచెదరని చోట ఫాయిల్ సాధారణంగా కంటికి కనిపించే గీత పెట్టదు, ఇది ఒప్పుకోవలసిందే. కానీ తుప్పు చుక్క చుట్టూ పూత అంచు అప్పటికే లేచి ఉంటుంది. అక్కడ గట్టిగా నొక్కి రుద్దితే ఆ అంచు విరిగి, చుక్క కాస్తా మచ్చ అవుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, పిన్‌బాల్ యంత్రంలో మెరిసేదంతా క్రోమ్ కాకపోవడం. కాళ్లు చాలావరకు క్రోమ్ పూత వేసిన ఉక్కువే. అయితే క్యాబినెట్ పక్క అంచుల పొడవునా ఉండే సైడ్ రెయిల్స్, ముందువైపు అద్దాన్ని బిగించి ఉంచే లాక్‌డౌన్ బార్ చాలా యంత్రాల్లో స్టెయిన్‌లెస్ స్టీల్‌వి. వాటి మీద పొడవునా సన్నని దువ్వెన గీతల్లాంటి రేఖలు ఉంటాయి. ఆ రేఖలకు అడ్డంగా, గుండ్రంగా ఫాయిల్‌తో రుద్దితే పడే గీతలు లైటు వెలుగులో ప్రతిసారీ కనిపిస్తాయి. వాటిని రేఖల వెంటే, ఒకే దిశలో, సన్నని నైలాన్ ప్యాడ్‌తో తీయాలి. ఉక్కు బంతికి కూడా పూత ఉండదు. 27 మిల్లీమీటర్ల వ్యాసం, సుమారు 80 గ్రాముల బరువున్న ఆ బంతి పాలిష్ చేసిన గట్టి ఉక్కు. తుప్పు పట్టి గుంటలు పడ్డ బంతిని రుద్ది మళ్లీ వాడటం ప్లేఫీల్డ్ మీద, అంటే బంతి దొర్లే బల్ల మీద, గరుకు కాగితం దొర్లించడమే. దాన్ని మార్చడం తప్ప వేరే మార్గం లేదు.

రుద్దబోయే భాగం ఏ లోహమో తెలుసుకోవడం అంత కష్టం కాదు. క్రోమ్‌లో కాస్త నీలి ఛాయ ఉంటుంది, నికెల్‌లో కాస్త పసుపు వెచ్చదనం ఉంటుంది. పాత యంత్రాల చిన్న భాగాల్లో నికెల్ తరచుగా కనిపిస్తుంది. నికెల్ క్రోమ్ కంటే బాగా మెత్తన కనుక క్రోమ్ తట్టుకునే రుద్దుడు దానికి మసక తెస్తుంది. అయస్కాంతం కొంత సాయపడుతుంది గానీ దాన్నే నమ్ముకోకూడదు, ఎందుకంటే స్టెయిన్‌లెస్‌లో కొన్ని రకాలు అయస్కాంతానికి అంటుకుంటాయి.

కోలా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నమాట నిజం, ఆ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేట్‌గా మార్చగలదన్నదీ నిజం. కానీ అది కోలాలో ఉండేది ఒక శాతంలో పదో వంతు కూడా కాదు. మిగిలినది నీరు, చక్కెర. రుద్దుడుకు తడి కావాలంటే నీరు చాలు, నీటికి బదులు పలుచని నూనె అయితే ఇంకా మేలు. చక్కెర నీరు బోల్టు రంధ్రాల్లోకి, కాలి మడత లోపలికి చేరి జిగురుగా ఎండి దుమ్మును, తేమను పట్టి ఉంచుతుంది.

వెనిగర్ విషయంలోనే ఈ చిట్కా నిజమైన నష్టం చేస్తుంది. 4, 5 శాతం ఎసిటిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తుంది, సందేహం లేదు. అయితే అది తుప్పు దగ్గర ఆగదు. పూతలోని చిల్లుల గుండా దిగి కింది ఉక్కును కూడా తింటుంది. బుడగలు వస్తే పని జరుగుతున్నట్టని చెబుతారు గదా, ఆ బుడగలు హైడ్రోజన్. ఆమ్లం తుప్పుతో కలిసినప్పుడు ఏర్పడేవి లవణం, నీరు మాత్రమే. హైడ్రోజన్ వచ్చేది ఆమ్లం లోహాన్ని తింటున్నప్పుడు. అంటే దేన్ని విజయ సూచనగా చూపుతున్నారో అది నిజానికి భాగాన్ని బయటికి తీయమన్న హెచ్చరిక. ఉక్కు కరిగిన మేర పూతకు కింద ఆధారం పోయి, ఉదయానికి చుక్కల చుట్టూ పెచ్చులు లేస్తాయి. ఆ పెచ్చుల అంచులు చేతిని కోసేంత పదునుగా ఉంటాయి.

భాగాలన్నిటినీ కలిపి నానబెట్టమనడం మరింత ప్రమాదకరమైన సలహా. బంతిని కొట్టే షూటర్ చుట్టూ ఉండే హౌసింగ్ చాలాసార్లు జింక్ మిశ్రమంతో పోత పోసి, పైన క్రోమ్ పూసినది. దాని మీద వచ్చేది ఎర్ర తుప్పు కాదు. పూత కింద చిన్న చిన్న పొక్కులు లేస్తాయి, పగిలిన పొక్కులోంచి తెల్లటి పొడి రాలుతుంది. ఉక్కు కంటే జింక్ ఆమ్లానికి చాలా వేగంగా లొంగుతుంది కనుక ఒక్క పొక్కు పగిలి ఉన్నా వెనిగర్ అక్కడి నుంచి లోపలికి దొలుచుకుంటూ పోతుంది. లాక్‌డౌన్ బార్‌ను పట్టి ఉంచే లోపలి గొళ్లెం, బ్రాకెట్లు, స్క్రూల వంటి జింక్ పూత వేసిన చిన్న భాగాలను అదే గిన్నెలో వేస్తే వాటి పూత పూర్తిగా కరిగిపోయి నగ్నమైన ఉక్కు మిగులుతుంది, గాలి తగలగానే అది తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. షూటర్ స్ప్రింగుల వంటి గట్టిపరచిన ఉక్కులోకి ఆమ్లం విడుదల చేసిన హైడ్రోజన్ చొరబడితే అవి పెళుసెక్కి విరిగే అవకాశం ఉంది. స్ప్రింగును ఆమ్లంలో వేయడం కంటే కొత్తది కొనడమే తెలివైన పని. వెనిగర్ చాలకపోతే టాయిలెట్ శుభ్రం చేసే ఆమ్లం వాడమని చెప్పేవారూ ఉన్నారు. అది తరచుగా హైడ్రోక్లోరిక్ ఆమ్లం. పాత క్రోమ్ పూతను పూర్తిగా ఊడదీయడానికి పూత పనివారు వాడేది అదే ఆమ్లం.

నానబెట్టక తప్పనప్పుడు ఎవాపో-రస్ట్ వంటి, ఇనుప ఆక్సైడ్‌ను మాత్రమే పట్టుకుని కరిగించే తటస్థ ద్రవాలు మేలు. అవి చల్లటి గదిలో మందకొడిగా, వెచ్చగా ఉంటే చురుకుగా పనిచేస్తాయి. జిడ్డును మాత్రం దాటి వెళ్లలేవు. వీటిలో కూడా కొన్ని చోట్ల పూత ఊడవచ్చు, అయితే అది ఊడేది అప్పటికే కింద తుప్పే పట్టి నిలిపి ఉంచిన చోట. బయటికి తీసిన భాగాన్ని నీటితో కడిగి, హెయిర్ డ్రయ్యర్‌తో మూలమూలలా ఆరబెట్టాలి. తడిగా వదిలేస్తే చిల్లుల దగ్గర గంటల్లోనే కొత్త ఎరుపు వస్తుంది.

జిడ్డు మాట వచ్చింది కనుక, ఈ చిట్కా పూర్తిగా వదిలేసిన సంగతి ఒకటి చెప్పాలి. తుప్పుగా కనిపించేదంతా తుప్పు కాదు. తీగ చుట్టిన విద్యుత్ అయస్కాంతం, అంటే కాయిల్, లోపల కదిలే కడ్డీ (ప్లంజర్), దాని చుట్టూ ఉండే గొట్టం (స్లీవ్) ఒరుసుకుని రాలిన నల్ల పొడి, రబ్బరు రింగుల పొడి, ఎండిన పాత వ్యాక్స్, పొగతాగేవారి మధ్య ఏళ్లపాటు నిలబడిన యంత్రాలకైతే గోధుమరంగు పొగాకు జిగురు, ఇవన్నీ కలిసి లోహం మీద ఒక పొరగా గట్టిపడతాయి. బంతి దొర్లే తీగ దారుల మీద, అంటే వైర్‌ఫామ్‌ల మీద, ఈ పొరను తుప్పని పొరబడి ఫాయిల్ పట్టుకునేవారు చాలామంది. గోరువెచ్చని నీటిలో కాస్త పాత్రలు తోమే ద్రవం కలిపి, మెత్తని బ్రష్‌తో కడిగి, మొండి చోట నాఫ్తా అనే పెట్రోలియం ద్రావకంతో తుడిస్తే, చాలా యంత్రాల్లో తుప్పనుకున్నది బట్టకు అంటుకుని వచ్చేస్తుంది. కడగడానికి ముందు ఆ దారికి బిగించిన స్విచ్‌లు, వైర్లు ఊడదీయాలి. అలా శుభ్రపడిన వైర్‌ఫామ్‌ను వెలుతురులో తిప్పి చూస్తే, రెండు తీగల లోపలి వైపున బంతి ఒరుసుకుపోయిన సన్నని గీత వెంట పూత అరిగిపోయి, ఆ గీత మీదే ఎరుపు కనిపిస్తుంది. అక్కడ మిగిలిన పని చాలా చిన్నది, పాలిష్ అద్దిన బట్టతో చేతనే ముగుస్తుంది. స్క్రూలు, రబ్బరు రింగులు తగిలించే పోస్టులు వంటి చిన్నవాటికి మొక్కజొన్న కండె పొట్టు గాని వాల్‌నట్ పెంకుల పొడి గాని నింపిన టంబ్లర్‌లో, అంటే గిరగిరా తిరిగే డబ్బాలో, కొంచెం పాలిష్ వేసి తిప్పడం అనుభవజ్ఞులు ఎప్పటినుంచో చేస్తున్న పని, అది ఏ ఆమ్లం కంటే మృదువైనది.

స్టీల్ ఊల్‌ను నేను పూర్తిగా తోసిపుచ్చను. అత్యంత సన్నదైన 0000 రకం, నూనెతో, గట్టి క్రోమ్ మీద, యంత్రానికి దూరంగా వాడితే పెద్ద హాని లేదు. నికెల్ మీద, ప్లాస్టిక్ మీద అది తగదు. యంత్రం దగ్గర మాత్రం అసలు వాడకూడదు. దాని నుంచి విరిగి రాలే వెంట్రుకంత ఉక్కు పోగులు ప్లేఫీల్డ్ కింది అయస్కాంతాలకు అతుక్కుంటాయి, సర్క్యూట్ బోర్డు మీద పడితే షార్ట్ చేస్తాయి, క్రోమ్ చిల్లుల్లో ఇరుక్కున్నవి తామే తుప్పు పడతాయి. ఇత్తడి ఊల్‌తో తుప్పు పట్టే బెడద ఉండదు, కానీ దాని పోగులు కూడా విద్యుత్తును ప్రసరింపజేస్తాయి కనుక దూరం పాటించవలసిందే.

చివరగా డబ్ల్యూడీ-40. రాకెట్ కెమికల్ కంపెనీ 1953లో దాన్ని తయారుచేసింది నీటిని తోసివేయడానికి, పేరులోని అక్షరాలు కూడా అదే చెబుతాయి. తడిసిన భాగం మీది నీటిని తోసేయడానికి అది పనికొస్తుంది. దానిలోని ద్రావకం ఆవిరయ్యాక మిగిలే పలుచని నూనె పొర చేతి స్పర్శకు, తుడుపుకు పోతుంది, పోనిచోట దుమ్మును పట్టి జిగురవుతుంది. దాన్ని క్యాబినెట్ లోపల చల్లడం మరీ తప్పు, ఎందుకంటే ఆ ద్రావకం మండేది, స్విచ్‌లు, కాయిల్స్ దగ్గర నిప్పురవ్వలు సహజం. పూతలోని చిల్లులను తేమకు అందకుండా మూసి ఉంచడానికి కార్నోబా వ్యాక్స్ (ఒక తాటి జాతి చెట్టు ఆకుల నుంచి తీసే గట్టి మైనం) మేలైనది. పూర్తిగా ఆరిన భాగానికి పలుచగా పట్టించి, ఆరాక తుడిచి, కాళ్ల లోపలి వైపు, బోల్టు రంధ్రాల అంచులు, నేల తుడిచే తడి తగిలే కింది జానెడు భాగం వదలకుండా రెండోసారి పట్టించాలి, ఏటా ఒకటి రెండుసార్లు మళ్లీ వేయాలి. అక్కడ పూత పెచ్చులుగా లేచిపోయి ఉంటే వ్యాక్స్ కూడా దాన్ని ఎక్కువకాలం కాపాడలేదు. అటువంటి కాళ్లను పాత పూత ఊడదీయించి మళ్లీ పూత వేయించుకోవాలి, లేదా మార్చుకోవాలి.