ట్రాన్స్‌మిటర్‌కి పాస్‌వర్డ్ పెడితే సరిపోదు

గాజువాక, పరవాడ వైపు ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతోంది. పాస్‌వర్డ్ పెడితే ట్రాన్స్‌మిటర్ (పీడనం, మట్టం, ఫ్లో కొలిచి కంట్రోల్ రూమ్‌కి సిగ్నల్ పంపే పరికరం) సెట్టింగులు ఎవరూ మార్చలేరట. డీసీఎస్‌కి (కంట్రోల్ రూమ్ నుంచి ప్లాంటుని నడిపే కంప్యూటర్ వ్యవస్థకి) కలిపి ఉంటే కంట్రోల్ రూమ్‌దే పైచేయి, ఫీల్డ్‌లో కమ్యూనికేటర్ (సెట్టింగులు చదివి మార్చే చేతి పరికరం) తగిలించినా మార్పు పట్టదట. షిఫ్టులన్నిటికీ ఒకే పాస్‌వర్డ్ ఉంటే బ్రేక్‌డౌన్‌లో టైమ్ కలిసొస్తుందట. మూడూ తప్పే. కొత్తగా చేరిన కుర్రాళ్లు నమ్మి పనిలోకి దిగితే ప్రమాదం.

మొదటి మాట చూద్దాం. చాలా పరికరాల్లో డిస్‌ప్లే దగ్గర అడిగే పాస్‌వర్డ్ అక్కడి బటన్లకే కాపలా. లూప్‌కి, అంటే 4–20 మిల్లీయాంపుల సిగ్నల్ వెళ్లే వైర్లకి, హార్ట్ (ఆ వైర్ల మీదే పరికరంతో మాట్లాడే డిజిటల్ పద్ధతి) కమ్యూనికేటర్ తగిలించినవాడిని అది అడ్డుకోదు. అసలైన అడ్డు ఎలక్ట్రానిక్స్ బోర్డు మీది రైట్ ప్రొటెక్ట్ (మార్పులు రాయనివ్వని) జంపర్ లేదా స్విచ్. అది పెట్టాక పరీక్షించాలి: కమ్యూనికేటర్‌తో పరికరంలోని మెసేజ్ అనే గడిలో ఒక అక్షరం రాసి పంపండి. రెస్పాన్స్ కోడ్ 7తో (రైట్ ప్రొటెక్ట్ ఉందన్న జవాబుతో) తిరిగి రావాలి. ఒప్పుకుందంటే రక్షణ పడలేదన్నమాట. కొన్ని మోడళ్లకు బయటవైపు జీరో స్క్రూ (సున్నా రీడింగ్ సరిచేసేది) ఉంటుంది, దాన్ని విడిగా ఆపాలేమో మాన్యువల్‌లో చూసుకోవాలి. జంపర్ కోసమైనా ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి మంటను బయటికి రానివ్వని) హౌసింగ్ మూతను సప్లై తీయకుండా విప్పకూడదు. సప్లై తీస్తే లూప్ సున్నాకి పడిపోతుంది కాబట్టి ఇంటర్‌లాక్ (ప్రమాదమైతే తనంతట ప్లాంటుని ఆపే ఏర్పాటు) బైపాస్‌కి ముందే పర్మిట్ తీసుకోవాలి. మన సముద్రపు గాలికి మూత బిగించేముందు ఓ-రింగ్ (తేమ చొరనివ్వని రబ్బరు వలయం) చూడటం మరవొద్దు.

రెండో మాట మరీ ప్రమాదం. హార్ట్‌లో ప్రైమరీ మాస్టర్ (మామూలుగా డీసీఎస్), సెకండరీ మాస్టర్ (కమ్యూనికేటర్) అని ఇద్దరుంటారు. మాట్లాడే వంతు కోసం పెట్టిన పేర్లే తప్ప అవి హోదాలు కావు. ఎవరు చివర రాస్తే అదే నిలుస్తుంది. 0–2500 మి.మీ. నీటి మట్టానికి పెట్టిన డీపీ (పీడన తేడా కొలిచే) ట్రాన్స్‌మిటర్‌ని ఎవరో 0–2000కి మార్చారనుకోండి. డీసీఎస్ స్కేలు మాత్రం పాతదే. అసలు నీటి మట్టం 1000 మి.మీ. అయితే 10.4 మిల్లీయాంపులు రావాల్సిన చోట 12 వస్తాయి. తెర మీద 1250 కనిపిస్తుంది. సిగ్నల్ 4–20 మధ్యనే ఉంది కాబట్టి ఫాల్ట్ అలారం మోగదు. ఫ్లో లూప్‌లో స్క్వేర్ రూట్ (పీడన తేడా నుంచి ఫ్లో తేల్చే వర్గమూలం లెక్క) డీసీఎస్‌లో ఉండగా ట్రాన్స్‌మిటర్‌లోనూ పెడితే 50 శాతం ఫ్లో దాదాపు 71 శాతంగా కనిపిస్తుంది.

కొత్త హార్ట్ పరికరాల్లో మార్పులు ఆపే లాక్ కమాండ్ ఉంది. అయితే తాత్కాలిక లాక్ సప్లై పోయొస్తే ఊడిపోతుంది, దాన్ని జంపర్‌కి బదులుగా వాడొద్దు. తాళం ఉన్నా సరైన స్థానంలో లేకపోతే ఏమవుతుందో 2017లో సౌదీ అరేబియా పెట్రోకెమికల్ ప్లాంటు చూపించింది. సేఫ్టీ కంట్రోలర్ (ప్రమాదమైతే ప్లాంటుని ఆపే కంప్యూటర్) తాళం కీ ప్రోగ్రామ్ స్థానంలోనే ఉండిపోవడంతో దాడి చేసినవాళ్లు తమ కోడ్‌ని అందులోకి ఎక్కించగలిగారు.

మూడో మాటకి జవాబు చిన్నదే. అందరిదీ ఒకే పాస్‌వర్డ్ అయితే మార్చిందెవరో తేలదు. ఆపరేటర్‌కి రీడింగ్ చాలు, ట్రిమ్ (రీడింగ్‌ని సరిచేయడం) మెయింటెనెన్స్ పని, రేంజ్ (కొలత హద్దులు) మార్చడం ఇంజనీర్‌ది. అత్యవసరానికి పాస్‌వర్డ్‌ని సీలు వేసిన కవర్లో షిఫ్ట్ ఇన్‌చార్జ్ దగ్గర ఉంచండి. కవర్ చింపితే రిజిస్టర్లో రాసి, అదే షిఫ్టులో కొత్తది పెట్టండి. షట్‌డౌన్ అయ్యాక కాంట్రాక్టు సిబ్బంది వెళ్లిన రోజే పాస్‌వర్డ్‌లు మార్చి, ప్రతి పరికరం రేంజ్‌నీ డీసీఎస్ స్కేలుతో సరిచూడండి.