సవరణ: హైడ్రోజన్‌ను గట్టిగా పట్టుకుంటే సరిపోదు

నీటి నుంచి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకాలను కంప్యూటర్ లెక్కలతో ఎలా వెతుకుతారో చెబుతూ, గత పోస్టులో "హైడ్రోజన్ పరమాణువును ఎంత గట్టిగా పట్టుకుంటే ఆ పదార్థం అంత మంచిది" అని రాశాను. అది తప్పు. మరీ గట్టిగా పట్టుకుంటే పరమాణువు ఉపరితలానికే అతుక్కుపోయి వాయువుగా బయటికి రాదు. పట్టు మరీ వదులైతే అసలు అక్కడ నిలవనే నిలవదు. అందుకే ఆ బంధానికి సంబంధించిన స్వేచ్ఛా శక్తి (పరమాణువు అతుక్కున్నప్పుడు వచ్చే శక్తి మార్పు, పట్టు ఎంత గట్టిదో చెప్పే కొలత) సున్నాకు దగ్గరగా ఉన్న పదార్థాల కోసం వెతుకుతారు. ప్లాటినం అలాంటిదే.

ఇలాంటి మరో ఉత్ప్రేరకమైన మాలిబ్డినం డైసల్ఫైడ్‌ను (మాలిబ్డినం, గంధకం కలిసిన పొరల పదార్థం) "కంప్యూటరే కనిపెట్టింది" అని ఆ పోస్టులో అన్నదీ సరికాదు. ఆ పదార్థం ఎప్పటి నుంచో ఉన్నదే. దాని పొరల అంచుల దగ్గర ఈ శక్తి అనుకూలంగా ఉంటుందని 2005లో లెక్కలు చూపాయి. చర్య వేగం పొర మొత్తం వైశాల్యాన్ని బట్టి కాకుండా అంచుల పొడవును బట్టి పెరుగుతుందని 2007లో ప్రయోగం తేల్చింది. నాకు ఈ కథలో బాగా నచ్చేది ఆ రెండో భాగమే, దాన్నే వదిలేశాను.

ఇంకొకటి. హైడ్రోజన్‌ను నిల్వ చేసుకోగల మెగ్నీషియం హైడ్రైడ్ అనే పదార్థం బరువులో దాదాపు 7.6 శాతం హైడ్రోజన్ ఉంటుందన్న అంకె సరైనదే. కానీ దాన్ని విడుదల చేయడానికి సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. ఆ మాట చెప్పకుండా "వాహనాలకు సిద్ధం" అని రాయడం నా పొరపాటు. ఆ వాక్యాన్ని తీసేశాను.