పెట్రీ డిష్‌లో గెలిస్తే చాలదు

‘క్యాన్సర్ కణాలను చంపే నానోకాంపోజిట్’ (అతి సూక్ష్మ కణాలు కలిపిన మిశ్రమ పదార్థం) అన్న వార్త కనిపిస్తే నేను ముందు వెతికేది ఒక్కటే: చంపింది ఎక్కడ? చాలాసార్లు పెట్రీ డిష్‌లో పెంచిన హీలా, ఎంసీఎఫ్-7 వంటి సెల్ లైన్లలో, అంటే ప్రయోగశాలలో తరతరాలుగా పెంచుతున్న క్యాన్సర్ కణాల్లో. అక్కడ బ్లీచింగ్ పౌడర్ కలిపినా చస్తాయి. అదే మోతాదుకు మామూలు కణాలు ఎన్ని బతికాయో చెప్పని వార్తకు విలువ లేదు.

కండక్టింగ్ పాలిమర్ల విషయంలో ఈ అనుమానం ఇంకాస్త ఎక్కువే ఉండాలి. కరెంటును పోనిచ్చే ప్లాస్టిక్‌లకుగాను హీగర్, మెక్‌డియార్మిడ్, షిరకావాలకు 2000లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. పాలీఅనిలిన్, పాలీపిర్రోల్ ఆ కుటుంబానివే. వీటికి వెండి, జింక్ ఆక్సైడ్ నానోకణాలు చేర్చి ప్రయోగిస్తే కణాలు చస్తున్నాయి, సరే. చంపింది పాలిమరా, లోహం నుంచి కరిగి వచ్చిన అయాన్లా? విడివిడిగా పరీక్షిస్తే తప్ప తేలదు. పైగా అందరూ వాడే ఎంటీటీ పరీక్ష, బతికున్న కణాలు తెచ్చే రంగు మార్పును కొలుస్తుంది. తనకే ముదురు రంగు ఉండి, ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకునే పదార్థం ఆ లెక్కను తప్పుదారి పట్టించగలదు.

నాకు ఆశ కనిపించేది విషగుణంలో కాదు, వేడిలో. ఆమ్లంతో డోప్ చేసిన (అంటే ఆమ్లం నుంచి ప్రోటాన్లు అందుకున్న) పాలీఅనిలిన్ 800 నానోమీటర్ల దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుని వేడెక్కుతుంది. లేజర్ పడిన చోటే ఆ వేడి. చిక్కల్లా రక్తం పీహెచ్ 7.4 కావడం, అంటే అందులో ఆమ్లత లేకపోవడం. అక్కడ పాలిమర్ ప్రోటాన్లు వదిలేసి ఆ గుణం పోగొట్టుకుంటుంది. కణితి చుట్టూ, కణాల లోపలి ఎండోసోముల్లో (బయటి పదార్థాన్ని లోపలికి తీసుకునే చిన్న సంచుల్లో) ఆమ్లత ఎక్కువ. 2011లో ఒక దక్షిణ కొరియా బృందం ఈ తేడానే పనిముట్టుగా మార్చుకుంది. నా దృష్టిలో ఈ రంగంలో అసలైన తెలివి అదీ.

బంగారు పూత పూసిన సిలికా కణాలతో ఇలాంటి చికిత్స ప్రోస్టేట్ క్యాన్సర్ రోగులదాకా వెళ్లింది. 2019లో ఆ చిన్న ట్రయల్ ఫలితాలు వచ్చాయి. పాలిమర్లు ప్రధానంగా ఎలుకల దగ్గరే ఉన్నాయి. ఇంజెక్ట్ చేసిన నానోకణాల్లో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమేనని 2016 నాటి ఒక సమీక్ష తేల్చింది. మిగతావాటిలో చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. ఈ పాలిమర్ గొలుసులేమో ఒంట్లో తేలిగ్గా విరగవు.

ఇంకో సంగతి. పాలీఅనిలిన్ తయారీలో పక్క సరుకుగా పుట్టగల బెంజిడిన్, మనుషుల్లో మూత్రాశయ క్యాన్సర్ తెస్తుందని రుజువైన రసాయనం. ఐసీ50 అంకె (సగం కణాలను అణచడానికి కావలసిన మోతాదు) చూపించి మురిసిపోయే ముందు, శుద్ధి చేశాక బెంజిడిన్ ఎంత మిగిలిందో పరిశోధకులు రాయాలి, విలేకరులు అడగాలి.