ఎంఎంఏ కొట్లాట, ఫుట్‌బాల్ ఆట అనే తీర్పుకు ఖండన

ఫుట్‌బాల్‌ను, దెబ్బలూ కుస్తీ పట్లూ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ (ఎంఎంఏ)ను పోలుస్తూ ఒక సందేశం చాలాకాలంగా చేతులు మారుతోంది. దాని సారాంశం ఇది: ఫుట్‌బాల్ నియమాలున్న ఆట, సరదాగా ఆడుకునేవారికి ప్రమాదం లేనిది, గుండెకు మంచిది; ఎంఎంఏ నియమాలే లేని కొట్లాట, మెడ నులిమి మనిషిని స్పృహ తప్పించే క్రూరత్వం, నేర్చుకున్నవాణ్ని దుడుకువాడిగా మారుస్తుంది, 30 ఏళ్లు దాటినవారికీ మహిళలకూ తగదు, ఫుట్‌బాల్ ఆడేవారు దాని జోలికి పోతే ఉన్న ఆట కూడా చెడుతుంది. నేను వారానికొకసారి ఫుట్‌బాల్ ఆడుతూ, మరి రెండు మూడు రోజులు ఎంఎంఏ సాధన చేస్తుంటాను. పతకాల కోసం కాదు, ఇష్టం కొద్దీ. రెండింటినీ సమానంగా ప్రేమించేవాడిగా ఈ సందేశంలోని మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించి, తప్పున్నచోట ఖండిస్తాను, నిజమున్నచోట ఒప్పుకుంటాను.

ఎంఎంఏకు నియమాలు లేవన్న మాటకు ఒకప్పుడు ఆధారం ఉండేది. 1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్‌లో, ఎంఎంఏ పోటీలు నిర్వహించే యూఎఫ్‌సీ సంస్థ జరిపిన మొదటి పోటీలో కొరకడం, కళ్లలో పొడవడం వంటివి తప్ప దాదాపు అన్నీ చెల్లాయి. బరువు తరగతులు లేవు, పాయింట్లు వేసే న్యాయనిర్ణేతలు లేరు. ఆ రాత్రి వరుసగా ముగ్గురిని లొంగదీసి గెలిచిన రాయిస్ గ్రేసీ పెద్ద ఒళ్లున్న మనిషి కాడు, కానీ ఎదుటివాణ్ని కింద పడేసి పట్టుతో లొంగదీసే జియు-జిట్సు విద్యలో అతని పట్లకు విరుగుడు అక్కడ ఎవరికీ తెలియలేదు. అమెరికా సెనేటర్ జాన్ మెకెయిన్ ఆ పోటీలను మనుషుల కోడిపందేలని నిందించి, వాటిని ఆపించమని రాష్ట్రాల గవర్నర్లకు లేఖలు రాశారు; న్యూయార్క్ 1997లో నిషేధం విధించింది. సందేశం రాసినవారి సమాచారం అక్కడితో ఆగిపోయింది, ఆట మాత్రం ఆగలేదు. అదే 1997లో బరువు తరగతులు వచ్చాయి, గ్లవ్స్ తప్పనిసరి అయ్యాయి. 2000లో న్యూజెర్సీ క్రీడా నియంత్రణ మండలి పర్యవేక్షణలో ఏకీకృత నియమావళి రూపుదిద్దుకుంది, మరుసటి ఏడాది నెవాడా రాష్ట్రం దాన్ని అనుసరించింది. 5 నిమిషాల రౌండ్లు మూడు, ఛాంపియన్‌షిప్ అయితే ఐదు. తలతో కుమ్మడం, జుట్టు పట్టుకోవడం, వెన్నుపూస మీద గానీ తల వెనక గానీ కొట్టడం, వేళ్లు విరవడం, గొంతు మీద దెబ్బ, కింద పడి ఉన్నవాడి తలను తన్నడం, ఇవన్నీ ఫౌళ్లే. న్యూయార్క్ కూడా 2016లో నిషేధాన్ని ఎత్తివేసింది. ఆ ఏడాది నవంబర్ 12న, అంటే మొదటి పోటీ జరిగిన 23 ఏళ్లకు సరిగ్గా అదే తేదీన, న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో యూఎఫ్‌సీ పోటీలు జరిగాయి.

ఫుట్‌బాల్ పుట్టుకతోనే మర్యాదస్తుల ఆట అనుకునేవారు 1863 నాటి సంగతి తెలుసుకోవాలి. ఆ ఏడాది అక్టోబర్, డిసెంబర్ నెలల మధ్య లండన్‌లోని ఫ్రీమేసన్స్ టావెర్న్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ సభ్యులు నియమాలు రాసుకుంటున్నప్పుడు తెగని తగాదా ఒకటి వచ్చింది: బంతి పట్టుకుని పరుగెత్తడంతో పాటు, ఎదుటివాడి మోకాలి కింది ముందు ఎముకను బూటుతో తన్నే హక్కు ఆటలో ఉండాలా, వద్దా? ‘హ్యాకింగ్’ అనే ఆ తన్నులాటను తీసేస్తే ఆటలో ధైర్యమన్నదే మిగలదని బ్లాక్‌హీత్ క్లబ్బు ప్రతినిధి వాదించారు; సభ ఒప్పుకోకపోవడంతో ఆ క్లబ్బు సంఘం నుంచి బయటికి వెళ్లిపోయింది. మనం ఇవాళ ఆడే ఫుట్‌బాల్ ఆ నిర్ణయం వల్లే ఇలా ఉంది. మోటుతనంలోంచి ఒక్కొక్క దెబ్బనూ నిషేధిస్తూ ఆటగా మారడం ఎంఎంఏకు ఏడెనిమిదేళ్లు పట్టింది. పసుపు, ఎరుపు కార్డులు ప్రపంచ కప్‌లోకి రావడానికే ఫుట్‌బాల్‌కు 1970 దాకా పట్టింది.

పైగా టీవీలో కనిపించే పోటీకీ, మామూలు మనుషులు చేసే సాధనకూ ఉన్న దూరాన్ని సందేశం పట్టించుకోలేదు. వృత్తిగా కాక ఇష్టంతో పోటీపడే అమెచ్యూర్ల కోసం 2012లో ఏర్పడిన అంతర్జాతీయ ఎంఎంఏ సమాఖ్య పోటీల్లో రౌండు 3 నిమిషాలే, మోకాలి కింద కాళ్లకు షిన్ గార్డులు ఉండాలి, మోచేతి దెబ్బలు నిషిద్ధం. జిమ్‌కు వచ్చే వారిలో ఎక్కువమంది ఆ పోటీ దాకా కూడా వెళ్లరు. వారి గంటన్నర సాధన ప్యాడ్ల మీద దెబ్బలు, కుస్తీ పట్టుల అభ్యాసం, ఫలానా స్థితిలోంచి ఎలా బయటపడాలన్న కసరత్తు, చివర్లో తేలికపాటి స్పారింగ్‌తో, అంటే భాగస్వామితో చేసే సాధన పోరుతో, ముగుస్తుంది.

ఇక సరదా ఫుట్‌బాల్‌లో ప్రమాదం లేదన్న మాట. ఇదే నాకు అన్నింటికంటే బాధ కలిగించే మాట, ఎందుకంటే దీన్ని నమ్మినవారే ఒళ్లు వేడెక్కించుకోకుండా మైదానంలోకి దిగి నెలల తరబడి మంచం పడతారు. మోకాలి లోపల ఎముకలను కలిపి ఉంచే ముందరి క్రూసియేట్ లిగమెంట్ తెగడానికి, బంతి కోసం ఎదుటివాడు చేసే ట్యాకిలే అక్కర్లేదు. చాలాసార్లు ఎవరూ తాకకుండానే, పరుగు మధ్యలో పాదం నేలకు నాటుకుపోయి ఒళ్లు మాత్రం పక్కకు తిరిగినప్పుడు అది తెగుతుంది. శస్త్రచికిత్స చేయించుకుంటే తిరిగి ఆడటానికి 9 నెలలు ఆగమంటారు. చీలమండ బెణకడం, తొడ వెనక కండరం పట్టేయడం, మడమ పైనున్న అకిలీస్ స్నాయువు తెగడం, గోల్‌కీపర్ వేళ్లు విరగడం ఆడేవారందరికీ తెలిసినవే. నాకు తగిలిన పెద్ద గాయాలు రెండూ ఫుట్‌బాల్‌లోనివే. ఒక మనిషి అనుభవం రుజువు కాదని తెలుసు, కానీ ప్రమాదమే లేదనేవారికి అడ్డు చెప్పడానికి అది చాలు.

తల విషయం మరీ సున్నితం. 2019లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కాట్లండ్‌కు చెందిన 7,676 మంది మాజీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్ల మరణ కారణాలను సామాన్య జనంతో పోల్చి చూశారు. నరాల క్షీణత వ్యాధులతో చనిపోయే అవకాశం ఆటగాళ్లలో దాదాపు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. అదే పరిశోధనలో గుండె జబ్బు మరణాలు వారిలో తక్కువని కూడా తేలింది, కాబట్టి సందేశంలో గుండె గురించి రాసిన ముక్క తప్పు కాదు. ఇవి జీవితమంతా ఆడిన ప్రొఫెషనల్స్ లెక్కలు. వారానికొకసారి ఆడేవారికి యథాతథంగా వర్తించవు. అయినా అమెరికా ఫుట్‌బాల్ సమాఖ్య 2015లోనే పదేళ్లు, అంతకు లోపు పిల్లలు తలతో బంతి కొట్టడాన్ని నిషేధించింది, ఇంగ్లండ్, స్కాట్లండ్ 2020లో చిన్నపిల్లల శిక్షణ నుంచి దాన్ని తొలగించాయి. ప్రమాదమే లేని ఆటకు ఇన్ని జాగ్రత్తలు అవసరం ఉండవు.

ఇక్కడ నా పక్షాన్ని కూడా తప్పుపట్టాలి. ఎంఎంఏ అభిమానుల్లో కొందరు తమ క్రీడ ఫుట్‌బాల్ కంటే క్షేమమని ఎదురు వాదిస్తారు. ప్రొఫెషనల్ పోటీల విషయంలో ఆ వాదన నిలవదు. 2006 నుంచి 2012 వరకు జరిగిన యూఎఫ్‌సీ పోటీలను పరిశీలించిన కెనడా పరిశోధకులకు దాదాపు మూడింట ఒక వంతు పోటీలు తలదెబ్బలతో నాకౌట్‌గానో, రిఫరీ మధ్యలో ఆపే టెక్నికల్ నాకౌట్‌గానో ముగిసినట్టు కనబడింది. స్పృహ తప్పినవాడికి రిఫరీ అడ్డుపడేలోపు తలమీద మరికొన్ని దెబ్బలు పడుతున్నాయనీ వారు గుర్తించారు. తేలికపాటి గ్లవ్స్ పిడికిలిని కాపాడతాయి గానీ మెదడును కాపాడవు, స్పారింగ్‌లో పెట్టుకునే హెడ్‌గేర్ కూడా చర్మం చిట్లకుండా ఆపినంతగా మెదడు అదరకుండా ఆపలేదు. అందుకే పూర్తి బలంతో తలకు కొట్టుకునే స్పారింగ్‌ను వారం వారం చేయించే జిమ్ నుంచి వెంటనే బయటికి రమ్మని నేను కొత్తవారికి చెబుతాను. రెండు ఆటల్లోనూ తేడా తెచ్చేది ఆట పేరు కాదు, తలకు తగిలే దెబ్బల సంఖ్య, వాటి బలం, తగిలాక ఆగామా లేదా అన్నది. ఈ చివరి విషయంలో స్నేహితుల ఫుట్‌బాల్ చాలా వెనకబడి ఉంది: ఇద్దరి తలలు ఢీకొంటే నీళ్లు చల్లి, రెండు నిమిషాలు కూర్చోబెట్టి, మళ్లీ ఆడిస్తారు. మంచి జిమ్‌లో కోచ్ ఆ మనిషిని ఆ రోజుకు పక్కన కూర్చోబెడతాడు, తర్వాతి రోజుల్లో మెట్టు మెట్టుగా తప్ప సాధనకు రానివ్వడు.

మెడ నులమడం క్రూరత్వమన్న ఆరోపణకు పట్టు ఎలా పనిచేస్తుందో చెప్పడమే సమాధానం. వెనక నుంచి వేసే చోక్ సరిగా పడితే నొక్కుకునేది గాలిగొట్టం కాదు, మెడకు రెండు పక్కలా మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమనులు. సుమారు పది సెకన్లలో స్పృహ తప్పవచ్చు, పట్టు వదిలిన వెంటనే చాలావరకు కొద్ది సెకన్లలోనే మనిషి తేరుకుంటాడు. అక్కడిదాకా రానివ్వకుండా అడ్డుపడేది ట్యాప్. ఎదుటివాడి ఒంటిమీద చేత్తో రెండుసార్లు తడితే చాలు, పట్టు ఆ క్షణమే వదలాలి. సాధనలో ఇంతకంటే పవిత్రమైన నియమం లేదు. ఒక సాయంత్రంలో నేను ఐదారుసార్లు ట్యాప్ చేస్తాను, అంతే సంఖ్యలో నా భాగస్వాములూ చేస్తారు, తర్వాత చేతులు కలుపుకుని మళ్లీ మొదలుపెడతాం. నేలమీద జారుతూ దూసుకొచ్చే స్లైడ్ ట్యాకిల్‌ను మధ్యలో ఆపమనడానికి ఫుట్‌బాల్‌లో ఇలాంటి సంజ్ఞ ఏదీ లేదు. అయితే ట్యాప్ అన్నిచోట్లా కాపాడదు. మడమ పట్టుకుని మోకాలిని మెలితిప్పే హీల్ హుక్‌లో నొప్పి తెలిసేసరికే లిగమెంట్ దెబ్బతిని ఉండవచ్చు. అందుకే జాగ్రత్తగల కోచ్‌లు కొత్తవారికి దాన్ని నేర్పరు.

ఎంఎంఏ నేర్చినవాడు దుడుకుగా తయారవుతాడన్న మాట మీద ఎక్కువసేపు నిలవనక్కర్లేదు. మొదటి ఆరు నెలలు తనకంటే 20 కిలోలు తక్కువున్న మనిషి చేతిలో రోజూ ఓడిపోయినవాడికి బయట ఎవరితోనో తలపడాలన్న కోరిక పెరగడం నేను చూడలేదు. చెడు వాతావరణమున్న జిమ్‌లు లేకపోలేదు, వాటిని వదిలేయాలి. ఫుట్‌బాల్ మైదానం మాత్రం శాంతినిలయమా? ఇంగ్లండ్ కింది స్థాయి ఫుట్‌బాల్‌లో రిఫరీ నిర్ణయాన్ని ధిక్కరించి వాదించినవారిని 10 నిమిషాలు బయట కూర్చోబెట్టే నియమాన్ని 2019లో అన్ని లీగ్‌లకూ విస్తరించాల్సి వచ్చింది. 2023లో అక్కడి రిఫరీలకు ఒంటిమీద కెమెరాలు తగిలించి చూశారు.

మహిళలకు తగదన్న వాక్యాన్ని రాసినవారు, తాము మెచ్చుకునే ఆట గురించి ఒకప్పుడు సరిగ్గా ఇదే మాట చెలామణి అయిందని గమనించలేదు. 1920 డిసెంబర్ 26న లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో డిక్ కెర్ లేడీస్ అనే మహిళల జట్టు ఆడిన మ్యాచ్‌కు 53,000 మంది వచ్చారు. ఏడాది తిరగకుండానే, 1921 డిసెంబర్ 5న, ఫుట్‌బాల్ మహిళలకు సరిపడదంటూ ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ తన సభ్య క్లబ్బుల మైదానాల్లోకి వారిని రానివ్వకుండా చేసింది. ఆ అన్యాయం దాదాపు 50 ఏళ్లు సాగింది. యూఎఫ్‌సీలో మొదటి మహిళల పోటీ 2013 ఫిబ్రవరి 23న రోండా రౌసీ, లిజ్ కార్మూష్‌ల మధ్య జరిగింది, అది ఆ రాత్రికి ప్రధాన పోటీ కూడా.

వయసు విషయంలో సందేశానికి సగం మార్కులు ఇవ్వవచ్చు. 30 దాటాక స్నాయువులు ఆలస్యంగా కోలుకుంటాయి, గుండె పరీక్ష చేయించుకోకుండా ఒక్కసారిగా తీవ్ర శ్రమలోకి దిగడం మంచిది కాదు. కానీ ఈ హెచ్చరిక రెండు ఆటలకూ వర్తిస్తుంది. వ్యాయామం అలవాటులేని మగవారితో కోపెన్‌హాగన్ పరిశోధకులు 12 వారాల పాటు, వారానికి రెండు మూడుసార్లు చిన్న జట్లతో ఫుట్‌బాల్ ఆడించి చూస్తే రక్తపోటు తగ్గింది, శ్వాస సామర్థ్యం పెరిగింది. 50 దాటినవారి కోసం ఇంగ్లండ్‌లోని చెస్టర్‌ఫీల్డ్‌లో 2011లో మొదలైన నడక ఫుట్‌బాల్‌లో పరుగే నిషిద్ధం. ఆటను మనిషికి తగినట్టు మార్చుకోవడం ఫుట్‌బాల్‌లో ఒప్పయినప్పుడు, తలకు దెబ్బలు లేకుండా పట్లు మాత్రమే సాధన చేసే 45 ఏళ్ల మనిషిని ఎందుకు ఆపాలి?

చివరి మాట, రెండూ కలిపితే రెండూ చెడతాయన్నది. ఇందులో నిజమైన చిక్కు ఒకటుంది, దాన్ని సందేశం పట్టుకోలేదు. బంతిని తన్నేటప్పుడు ఆనుకున్న కాలి పాదం గురివైపు చూస్తూ నేలకు గట్టిగా నాటుకుని ఉంటుంది, తగిలేది పాదం పైభాగం. థాయ్‌లాండ్ యుద్ధకళ ముయే థాయ్ తరహాలో కాలిని పక్క నుంచి తిప్పి తన్నే రౌండ్ కిక్‌లో తగిలేది మోకాలి కింది ముందు ఎముక. ఆనుకున్న పాదం మునివేళ్ల మీద తిరిగి, మడమ గురివైపుకు రావాలి. ఫుట్‌బాల్ అలవాటుతో ఆ పాదాన్ని తిప్పకుండా తన్నితే మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. నాకు ఈ అలవాటు మార్చుకోవడానికి దాదాపు ఏడాది పట్టింది, కోచ్ నా ఆనుకున్న కాలి మడమను చూపిస్తూ ప్రతి తరగతిలోనూ అదే మాట చెప్పేవాడు. మిగతావన్నీ ప్రణాళికతో తీరేవే. ఫిఫా 11+ అనే 20 నిమిషాల సన్నాహక వ్యాయామాలు ఫుట్‌బాల్ గాయాలను తగ్గిస్తాయని పరీక్షల్లో రుజువైంది. అందులో ఉన్న, తొడ వెనక కండరాన్ని బలపరిచే నార్డిక్ హ్యామ్‌స్ట్రింగ్ వ్యాయామం కుస్తీకీ అంతే పనికొస్తుంది, అందుకే నేను రెండుచోట్లా దాన్నే చేస్తాను. మ్యాచ్ మరుసటి రోజు స్పారింగ్ పెట్టుకోను. స్పారింగ్‌లో తలకు గట్టిదెబ్బ తగిలిన వారం మ్యాచ్‌కు అసలు వెళ్లను. దెబ్బ ఏమీ తగలకపోయినా, స్పారింగ్ చేసిన వారం కార్నర్ కిక్ వచ్చినప్పుడు గోల్ ముందుకు పోకుండా బయటే నిలబడతాను, ఆ బంతిని తలతో కొట్టే పని మా జట్టులో ఇంకొకరికి అప్పగిస్తాను.