మహారాజశ్రీ నల్ గారికి, మిర్చి యార్డు నుంచి

అయ్యా,

గుంటూరు మిర్చి యార్డు కమీషన్ కొట్లకు సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లం డేటాబేస్ గడిలో విలువ లేదనే గుర్తుగా కూర్చునే నల్ గారికి చేసుకొను విన్నపం.

1985లో టేబుళ్ల డేటాబేస్ పద్ధతి కనిపెట్టిన ఎడ్గర్ కాడ్ గారు దానికి చెప్పిన నియమాల్లో మూడోది మీకే రాసిచ్చారు: మీరు సున్నా కారు, ఖాళీ మాట కారు, సమాచారం లేదని చెప్పే గుర్తు మాత్రమే. యార్డు భాషలో చెప్పాలంటే టిక్కీలు (మిర్చి బస్తాలు) దిగాయి, లాటు నంబరు పడింది, ధర ఇంకా తేలలేదు. ఆ ధర గడిలో మీరు దర్జాగా కూర్చోండి, మాకేం అభ్యంతరం లేదు.

కానీ 'తేజ (ఒక మిర్చి రకం) కాని లాట్లు చూపించు' అంటే రకం రాయని లాట్లలో ఒక్కటీ రాదేం? పోనీ 'తేజ చూపించు' అంటే అప్పుడూ రావు. మీరు తేజ అవునా కాదా అంటే డేటాబేస్ 'తెలియదు' అంటుంది. వడపోత షరతు రాసే వేర్ క్లాజేమో నిజమని తేలిన రోలనే (వరసలనే) గేటు దాటనిస్తుంది. టిక్కీలు గోడౌన్లో, లెక్కలో మాత్రం లేవు.

దీనికి పెద్దన్న నాట్ ఇన్, అంటే 'ఈ జాబితాలో లేనివి' అని అడగడం. ఈ వారం సరుకు తేని రైతులెవరని అడుగుతాం. లాట్ల టేబుల్లో ఒకే ఒక్క లాటుకు రైతు నంబరు ఎక్కించడం మరిచారు. జాబితా మొత్తం ఖాళీ! రైతు నంబరు 101 కాదు, 102 కాదు, నల్ కాదు అని మూడూ నిజమైతేనే రో బయటికొస్తుంది. మీ వంతు దగ్గర జవాబు ఎప్పుడూ 'తెలియదు'. ఎర్రరన్నా వస్తే బాగుండు, రాదు. ఆ తెల్ల పేజీ చూసి షావుకారు 'అందరూ తెచ్చేశారన్నమాట' అని మురిసిపోతాడు. టిక్కీలో తాలుకాయలుంటే ధరే తగ్గుతుంది. తమరొక్కరుంటే టిక్కీలే మాయం. 'అలాంటి రో ఒక్కటైనా ఉందా' అని చూసే నాట్ ఎగ్జిస్ట్స్‌తో రాస్తే మీ ఆటలు సాగవు, ఆ సంగతి మీకూ తెలుసు.

లాటు లేని రైతులను కూడా చూపించే లెఫ్ట్ జాయిన్ చేసి రకం షరతును వేర్‌లో పెట్టేవాళ్లనైతే మేమే వెనకేసుకురాం. సరుకు లేని రైతుల పక్కన మీరు నిలబడగానే ఆ షరతు వాళ్లందరినీ గెంటేస్తుంది. దాని చోటు టేబుళ్లను కలిపే ఆన్‌లో.

ఇక బిల్లు. సరుకు విలువలోంచి అడ్వాన్సు తీసెయ్యాలి. అడ్వాన్సే తీసుకోని రైతుకు ఆ గడిలో మిమ్మల్ని కూర్చోబెట్టాం. లక్షలోంచి మిమ్మల్ని తీసేస్తే మిగిలేది మీరే. తెరమీద 'చెల్లించవలసినది: నల్'. తప్పు మాదే లెండి. అడ్వాన్సు లేదంటే సున్నా అని తెలిసిన సంగతే, అక్కడ మీకేం పని? ఆ కాలమ్ నాట్ నల్ (మీకు చోటు లేదు), డిఫాల్ట్ (ఏమీ ఇవ్వకపోతే పడే విలువ) సున్నా కావాలి. పాత టేబుల్లో ముందు డిఫాల్ట్ పెట్టి, ఉన్న నల్‌లను సున్నా చేసి, ఆ తర్వాతే నాట్ నల్ బిగించాలి. ముందే బిగిస్తే టేబుల్ మార్చే ఆల్టర్ ఆజ్ఞ ఒప్పుకోదు. పైగా ఫారమ్ నేరుగా నల్ పంపితే డిఫాల్ట్ పలకదు.

ఇది చూసి ఉత్సాహపడి ధర గడిలోనూ సున్నా నింపే మహానుభావులున్నారు. నాలుగు లాట్లు సమాన తూకం, ధరలు 16,000, 18,000, 20,000, నాలుగోది తేలలేదు. మీరుంటే యావరేజ్ మిమ్మల్ని దాటేసి 18,000 అంటుంది. సున్నా ఉంటే 13,500. ఒక్క గడి పూరించినందుకు మార్కెట్ కూలిపోయింది! అక్కడ మాత్రం మిమ్మల్ని లేపం. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో ఒకటైన పోస్ట్‌గ్రెస్‌లో ధర ఎక్కువ నుంచి తక్కువకు పేర్చమంటే అందరికన్నా పైన ఎక్కి కూర్చుంటారు, ఆ దర్జాకు నల్స్ లాస్ట్ (మీరు చివరికి) అని రాసుకుంటాం.

ఇట్లు,
మిమ్మల్ని వెతకడానికి ఈజ్ నల్ అని రాయాల్సిన చోట ఈక్వల్స్ రాసి ఇరుక్కున్నవాళ్లు

తా.క.: కవరు మీద చిరునామా గడి ఖాళీగా వదిలాం. ఒరాకిల్ డేటాబేస్ చేతిలో పడితే నేరుగా మీకే చేరుతుంది, ఖాళీ మాటను కూడా అది మీరనే అనుకుంటుంది.