డౌన్‌లోడ్ పేజీలో ఇన్ని దారులెందుకు?

మొన్న మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. "మామయ్యా, లినక్స్‌కి డౌన్‌లోడ్ అని నొక్కితే డెబ్, ఆర్‌పీఎం, ఫ్లాట్‌ప్యాక్, స్నాప్, యాప్‌ఇమేజ్ అని చూపిస్తోంది. ఏది తీసుకోవాలి?" ఇవన్నీ ఒకే యాప్‌ను లినక్స్‌లో ఎక్కించుకోవడానికి కట్టి ఇచ్చే వేర్వేరు రకాల మూటలు, అంటే ప్యాకేజీలు. వాడు ఇంజినీరింగ్ రెండో ఏడు. వాడికే అంతుపట్టకపోతే కొత్తగా లినక్స్‌కి వచ్చినవాళ్ల సంగతేంటి?

యాప్ మొరాయిస్తే యూజర్ ఎవరి తలుపు తడతాడన్నది ముందు చూడాలి. ప్యాకేజీ తయారీ కూడా వాళ్ల చేతిలోనే ఉండాలని నా అభిప్రాయం. 2025 ఫిబ్రవరిలో ఓబీఎస్ స్టూడియో అనే యాప్‌కి, ఫెడోరా అనే డిస్ట్రోకి (లినక్స్‌ను యాప్‌లతో కలిపి పూర్తి సిస్టమ్‌గా ఇచ్చేదే డిస్ట్రో) వచ్చిన గొడవ ఇదే. లైవ్ స్ట్రీమింగ్‌కి వాడే ఓబీఎస్‌ను దాని డెవలపర్లే ఫ్లాట్‌ప్యాక్ యాప్‌ల ఆన్‌లైన్ స్టోర్ ఫ్లాట్‌హబ్‌లో పెడతారు. ఫెడోరా సొంతంగా మరో ఫ్లాట్‌ప్యాక్ తయారుచేసి, తన సాఫ్ట్‌వేర్ స్టోర్‌లో దాన్నే ముందు చూపించింది. అది సరిగా పనిచేయలేదు. రెండూ వేరని యూజర్లకు ఎలా తెలుస్తుంది? ఫిర్యాదులు ఓబీఎస్ వాళ్లకే వెళ్లాయి. తమ పేరు, లోగో తీసేయకపోతే చట్టపరంగా వెళ్తామని హెచ్చరించేదాకా వచ్చింది. తర్వాత మాట్లాడుకుని సర్దుకున్నారు గానీ, అప్పటిదాకా చేయని తప్పుకు మాటలు పడింది ఓబీఎస్ డెవలపర్లు.

అలాగని డిస్ట్రో ప్యాకేజీలు వద్దనలేను. 2023 సెప్టెంబరులో లిబ్‌వెబ్‌పీ అనే ఇమేజ్ లైబ్రరీలో (చాలా ప్రోగ్రాములు వాడుకునే ఉమ్మడి కోడ్) ప్రమాదకరమైన లోపం బయటపడింది. డెబియన్ అనే డిస్ట్రోలో ఆ ఒక్క లైబ్రరీ అప్‌డేట్ చేస్తే దాన్ని పంచుకుని వాడే ప్రోగ్రాములన్నిటికీ రక్షణ దొరికింది. సొంత కాపీని లోపలే మోసుకు తిరిగే యాప్‌లు మాత్రం ఒక్కొక్కటీ కొత్త వెర్షన్ విడుదల చేయాల్సి వచ్చింది. చూసుకునేవాళ్లు లేక మూలపడ్డ యాప్‌ల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ టెన్షనే.

అందుకే లైబ్రరీలు, సర్వర్ సాఫ్ట్‌వేర్ డిస్ట్రోలకు వదిలేసి, డెస్క్‌టాప్ యాప్‌ను డెవలపర్లే ఫ్లాట్‌హబ్‌లో ఇవ్వడం మేలు. స్నాప్ వైపు నా మనసు పోదు. దాని స్టోర్ ఉబుంటు డిస్ట్రోను తయారుచేసే కానానికల్ ఒక్క కంపెనీ చేతిలో ఉంది, సర్వర్ కోడ్ ఓపెన్ కాదు. 2020లో వచ్చిన ఉబుంటు 20.04లో మామూలు ఇన్‌స్టాల్ కమాండ్ ఆప్ట్‌తో క్రోమియం బ్రౌజర్ ఎక్కించబోతే స్నాప్ వచ్చేది. లినక్స్ మింట్ అనే మరో డిస్ట్రో అదే ఏడాది స్నాప్‌ను డిఫాల్ట్‌గా అడ్డుకోవడం సరైన పనే.

ఫ్లాట్‌ప్యాక్‌తోనూ ఒక ఇబ్బంది ఉంది. మొదటిసారి యాప్‌తోపాటు అది నడవడానికి కావాల్సిన లైబ్రరీల కట్ట, రన్‌టైమ్ కూడా దిగుతుంది, వందల ఎంబీలు. మొబైల్ డేటా మీద నెట్టుకొచ్చే హాస్టల్ పిల్లలకు అది భారమే. ఆ సైజు ఎంతో డౌన్‌లోడ్ బటన్ పక్కనే రాయాలి. బటన్ కూడా ఒక్కటే ఉండాలి. మిగతావన్నీ దాని కింద చిన్న లింకులో పెట్టి, ఏది ఎవరు తయారుచేశారో, తేడా వస్తే ఎవరికి చెప్పాలో అక్కడే రాస్తే చాలు.