కొలిచేది అద్దెను కాదు, జనాభాను

బేసిక్ (మూల వేతనం) 35,400 రూపాయలున్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి హైదరాబాద్‌లో ఇంటి అద్దె భత్యం 10,620 రూపాయలు. విజయవాడకు బదిలీ అయితే 7,080. శ్రీకాకుళం వేస్తే 3,540. ధరలతో పాటు పెరిగే కరువు భత్యం (డీఏ) బేసిక్‌లో 50 శాతానికి చేరడంతో 2024 జనవరి నుంచి అమలైన 30, 20, 10 శాతం లెక్క ఇది.

ఊరు పెద్దదైతే అద్దె ఎక్కువ కాబట్టి పైకి న్యాయంగానే కనిపిస్తుంది. కానీ ఇక్కడ అద్దెలు ఎవరూ చూడరు, జనాభానే చూస్తారు. 50 లక్షలు, ఆపైన ఉంటే ఎక్స్ కేటగిరీ, 5 లక్షల నుంచి వై, మిగతావన్నీ జెడ్. అదీ 2011 నాటి జనాభా. రాష్ట్ర విభజన తర్వాత రాజధాని వస్తోందనగానే విజయవాడలో అద్దెలు ఎగబాకాయి. కేంద్రం దృష్టిలో మాత్రం ఆ ఊరు వైలోనే ఉండిపోయింది. హైదరాబాద్ నుంచి తరలివచ్చిన సచివాలయ ఉద్యోగులకు రాష్ట్ర ప్రభుత్వం పాత 30 శాతాన్నే కొనసాగించాల్సి వచ్చింది. ఆ తర్వాత పీఆర్సీలో, అంటే రాష్ట్ర ఉద్యోగుల వేతన సవరణలో, అద్దె భత్యం శాతాలు తగ్గించబోతే ఏమైందో తెలిసిందే. 2022 ఫిబ్రవరి 3న చలో విజయవాడ అంటూ ఉద్యోగులు రోడ్డెక్కడానికి ఫిట్‌మెంట్‌ (జీతం పెంపు శాతం)తో పాటు ఈ కోత కూడా కారణమే.

ఇందులో ఇంకో తమాషా ఉండేది. భత్యం ఇచ్చేటప్పుడు హైదరాబాద్ మహానగరమే. ఆ భత్యంపై పన్ను మినహాయింపు దగ్గరికొస్తే 1962 ఆదాయపు పన్ను నిబంధనల్లో జీతంలో 50 శాతం పరిమితి ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే ఉండేది. ఆ నిబంధనలు ఉన్నంత కాలం హైదరాబాద్, బెంగళూరు 40 శాతంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

చిన్న ఊళ్లో ఖర్చు తక్కువన్న మాట సగమే నిజం. ఇల్లు, కూరగాయలు, ఆటో వరకు ఒప్పుకోవచ్చు. పిల్లాడు ఇంటర్‌కు వచ్చాడంటే విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టల్ ఫీజు కట్టాలి. అమ్మకు గుండె ఆపరేషన్ అంటే విశాఖ ఆస్పత్రి బిల్లు. అక్కడ ఎవరూ మీది జెడ్ కేటగిరీ కదా అని తగ్గించరు. జీతం చిన్న ఊరిది, పెద్ద ఖర్చులన్నీ నగరానివి.

ప్రైవేటు కంపెనీలకు ఈ కేటగిరీల లెక్క కూడా లేదు. ఒకే చదువు, ఒకే అనుభవం ఉన్నా విశాఖలో హైదరాబాద్ కంటే తక్కువ ఆఫర్ ఇస్తే, 'అక్కడ ఖర్చులు తక్కువ కదా' అంటారు. అసలు సంగతి అది కాదు. హైదరాబాద్‌లో ఉద్యోగి కాదనుకుంటే ఆ వీధిలోనే ఇంకో నాలుగు కంపెనీలున్నాయి. విశాఖలో అన్ని లేవు. జీతాన్ని తేల్చేది ఇడ్లీ ధర కాదు, ఉద్యోగికి ఉన్న బేరమాడే బలం. ప్రభుత్వ భత్యం కనీసం ఖర్చు పేరు మీద నడుస్తోంది కాబట్టే దాన్ని సరిగ్గా కొలవమని అడగగలం.

కొలవడం కష్టమేమీ కాదు. డీఏ లెక్క కోసం కేంద్ర కార్మిక శాఖకు చెందిన లేబర్ బ్యూరో దేశంలో 88 కేంద్రాల్లో ధరలు సేకరిస్తోంది. వాటిలో హైదరాబాద్, వరంగల్, గుంటూరు, విశాఖ ఉన్నాయి. ఇంటి అద్దెలను కూడా ఆరు నెలలకోసారి సర్వే చేస్తుంది. వాటన్నిటినీ కలిపి దేశమంతటికీ ఒకే డీఏ తేలుస్తున్నారు. అద్దె భత్యం దగ్గర మాత్రం ఆ ఫైలు తెరవకుండా 2011 జనాభా పట్టిక చూస్తున్నారు. కొత్త జనగణన 2027లో పూర్తయ్యాక కేటగిరీలు ఎలాగూ మార్చాలి. అప్పుడైనా ఆ సర్వే అంకెలను పక్కన పెట్టుకుని మార్చాలి.